కుర్చీ, కన్ను, కునుకు

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదు నగరపు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాటికి, ఆ వృత్తాకార సౌధమునకు చుట్టుప్రక్కల కనబడుచుండినవి చాలవరకు రాళ్లగుట్టలును ముళ్లపొదలునే. ఆ శిలలు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంతటి పురాతనమైన నేలమీద ఒక్క తరము కాలములోనే కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల వరకు అద్దాల మేడలు వ్యాపించినవి. వానిలో పనిచేయుటకు తెలుగునేల నలుచెరగులనుండి లక్షలాది యువతీయువకులు వచ్చి చేరిరి. వీరిలో అనేకుల తాతలు నాగలి పట్టినవారు, నాయనమ్మలు నాట్లు వేసినవారు. తండ్రులు ఏ బడిపంతులుగానో గుమాస్తాగానో దినమునకు నాలుగైదు మైళ్లు సైకిలు త్రొక్కినవారు. మూడవ తరమువారు తొమ్మిది పది గంటలు కుర్చీ విడువక, అరచేతి వెడల్పు మేర మౌసును కదల్చుచు, దినమంతయు మూరెడు దూరముననున్న వెలుగుపలకను చూచుచు జీవించుచున్నారు. వేల సంవత్సరములుగా నడచిన దేహము మూడు తరములలో కూర్చుండుటకు అలవాటు పడజాలదు. నేటి నడుమునొప్పులకును, కన్నుల మంటలకును, తెల్లవారుజామున గాని రాని నిద్రకును ఇదియే మూలము.

ఆరోగ్యనియమములను ఉపదేశించు పుస్తకములకు కొదువ లేదు. అయినను వాని ఫలము వారము దినములకు మించి నిలువకపోవుటకు కారణము, నియమము మాత్రము చెప్పి హేతువును చెప్పకుండుటయే యని నా దృఢాభిప్రాయము. ప్రోగ్రాములు వ్రాయువాడు ప్రతి పంక్తియు ఎందులకున్నదో అడుగుటకు అలవాటు పడినవాడు. అట్టివానికి ‘లేచి నిలువుము, దూరము చూడుము, వేళకు నిద్రింపుము’ అని ఆజ్ఞాపించినచో వినును గాని పాటింపడు. హేతువుతోపాటు ఒక విచిత్ర వృత్తాంతము కూడ తెలిసినచో ఆ నియమము మనస్సున నాటుకొనును. కావున ఈ అధ్యాయమున నేను చెప్పదలచిన ఒక్క మాటను అట్టి వృత్తాంతముల తోడుగా చెప్పుదును: మన దేహము మార్పును కోరును. కదలికయు విశ్రాంతియు, దగ్గరి చూపును దూరపు చూపును, వెలుతురును చీకటియు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండినంత కాలము అది చక్కగా పనిచేయును. వానిలో ఏ యొక్కదానియందు ఎక్కువసేపు నిలిపినను మొరాయించును.

కూర్చుండి పనిచేయువారి బాధలు కంప్యూటరుతో పుట్టినవి కావు. ఇటలీ దేశీయుడైన బెర్నార్డినో రామజ్జీనీ యను వైద్యుడు 1700లో వృత్తిరోగములపై ఒక గ్రంథమును ప్రకటించి, 1713లో దానిని విస్తరించెను. అందు లేఖకులను గూర్చి వ్రాయుచు, వారి వ్యాధులకు మూడు కారణములను చూపెను: విరామము లేక కూర్చుండుట, చేతిని సదా ఒకే తీరున కదలించుట, తప్పు రాకుండవలెనని మనస్సును బిగబట్టియుంచుట. ఈకలకలముతో లెక్కలు వ్రాసిన ఆ గుమాస్తాలను చూచి చెప్పిన ఈ మూడు మాటలలో ఒక్క అక్షరమైనను మార్చనక్కరలేకుండ రాయదుర్గము ఐటీ ఉద్యోగికి అన్వయించుకొనవచ్చును. ఆ వైద్యుడు పనివాండ్ర అంగళ్లకు స్వయముగా పోయి, వారు పనిచేయు తీరును చూచి వ్రాసినవాడగుటచే, రోగిని చూచినప్పుడు ‘నీ వృత్తి యేమి’ అని కూడ అడుగవలెనని వైద్యలోకమునకు నేర్పెను. నేటికిని డాక్టరు అడుగకున్నచో మనమే చెప్పుట మంచిది.

కూర్చుండుటకును హృద్రోగమునకును గల సంబంధమును లెక్కలతో నిరూపించినవాడు లండనువాసియగు జెర్రీ మోరిస్. లండనులో తిరుగు రెండంతస్తుల బస్సులలో డ్రైవరును కండక్టరును ఒకే తరగతి మనుష్యులు, ఒకే వీధుల పొగను పీల్చువారు, ఇంచుమించు ఒకే జీతగాండ్రు. అయినను డ్రైవరు దినమంతయు కూర్చుండును, కండక్టరు టికెట్లకొరకు దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగుచుండును. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి మోరిస్ 1953లో ప్రకటించిన ఫలితమేమనగా, గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగాను, కండక్టర్లలో తక్కువగాను ఉండుట మాత్రమేగాక, కండక్టర్లకు వచ్చినపుడు అది ఆలస్యముగాను, తక్కువ తీవ్రతతోను వచ్చుచుండెను. తాను కనుగొన్న సత్యమును తన దేహముతోనే ఆచరించిన ఆ మహాశయుడు ముసలితనమునను వ్యాయామము మానక, 2009లో 99 ఏండ్ల వయస్సున మరణించెను.

దీనినుండి గ్రహింపవలసినది సులభము. పదునాలుగవ అంతస్తునకు మెట్లెక్కి పొమ్మని నేను చెప్పను. పండ్రెండవ అంతస్తులో లిఫ్టు దిగి మిగిలిన రెండును ఎక్కినను చాలును. ఫోనులో మాట్లాడవలసిన సమావేశమును నడచుచు మాట్లాడవచ్చును. అరగంట కొకసారి లేచి నిలిచి, మడమలను పైకెత్తుచు దింపుచు పదిసార్లు కదలుడు. ఏలయనగా కాలిలోని సిరలయందు రక్తము క్రిందికి జారకుండ చిన్న చిన్న కవాటములు ఉన్నవి గాని, దానిని భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి నెట్టునది పిక్క కండరములు ముడుచుకొనుటయే. పిక్కలను రెండవ గుండె యనుట ఇందుచేతనే. గంటలకొలది కూర్చుండినవాని పాదములు సాయంకాలమునకు ఉబ్బి బూట్లు బిగుతగుట, ఆ రెండవ గుండె పనిలేక ఊరకుండినదనుటకు గురుతు.

మెడ విషయము కొంత క్లుప్తముగా చెప్పెదను. మనుష్యుని శిరస్సు బరువు దాదాపు 5 కిలోలు. ఫోను చూచుటకు తలను 60 డిగ్రీలు వంచినపుడు మెడ యెముకలపై పడు భారము 27 కిలోల వరకు పెరుగునని 2014లో ఒక అమెరికా శస్త్రవైద్యుడు గణించెను. తల వంచుటకు బదులు ఫోనును పైకెత్తుడు.

ఇక నడక. చేతిగడియారము 10,000 అడుగులు చూపలేదని దిగులుపడి, రాత్రి పదకొండు గంటలకు పడకగదిలో అటునిటు తిరుగు మిత్రులను నేనెరుగుదును. ఆ సంఖ్య ఏ వైద్యశాస్త్రమునుండియు పుట్టలేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి సంవత్సరము జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కించు పరికరమును విక్రయింపనారంభించి, దానికి ‘పదివేల అడుగుల మాపకము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. విక్రయమునకై పుట్టిన పేరు లోకమంతటికి వ్రతమైనది. 2019లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో సగటున 72 ఏండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీలను పరిశీలింపగా, దినమునకు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 నడచువారిలో మరణములు 41 శాతము తక్కువగా నుండెను. ఆ ప్రయోజనము 7,500 వరకు పెరిగి, ఆపై ఇంచుమించు నిలకడగా నుండెను. ఆ ఫలితము వృద్ధస్త్రీలకు సంబంధించినదైనను, ఏమియు నడవకుండుటకంటె కొంచెము నడచుట ఎంతో మేలను సంగతి అందరికిని ధైర్యము నీయదగినది.

ఈ ప్రాంతమున నడువ చోటు లేదనుట సగమే నిజము. మెట్రోలో వచ్చువారు హైటెక్ సిటీ స్టేషనుకు బదులు దుర్గం చెరువు స్టేషనులో దిగి నడువవచ్చును. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన ఆ చెరువు గట్టున నేడు నడకబాట కలదు. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగలవంతెన దానిమీదనే యున్నది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో ఉదయపు వేళ నెమళ్ల కేకలు వినవచ్చును. సైకిలు త్రొక్కువారికి అవుటర్ రింగ్ రోడ్డు ప్రక్కన, సౌరఫలకములే పైకప్పుగా 23 కిలోమీటర్ల బాట 2023లో ఏర్పడినది. మన ఫుట్‌పాత్‌లు మోటారు సైకిళ్లకు నిలయములై యుండుట మాత్రము ఉద్యోగి తప్పు కాదు. అది నగరపాలకులు తీర్చవలసిన ఋణము.

కన్నుల సంగతికి వత్తము. మామూలు వేళ మనము నిమిషమునకు 15 సార్ల వంతున రెప్పలార్చుదుము; తెరవైపు చూచునపుడు అది సగమునకో, అంతకంటె తక్కువకో తగ్గిపోవును. పసిబిడ్డలు నిమిషమునకు రెండు మూడు సార్లు మాత్రమే రెప్పలార్చుదురను వింత ఇచట చెప్పదగును. అయితే వారు ఏసీ గాలి ముఖమునకు తగులుచుండగా ఎనిమిది గంటలు స్ప్రెడ్‌షీటు చూచుట లేదు. రెప్ప పడినప్పుడెల్ల కంటిపై పలుచని కన్నీటిపొర పరచుకొనును. రెప్ప పడనిచో అది ఆరి, కన్ను మండును. తెరను చూపునకు కొంచెము దిగువగా నుంచుకొనినచో రెప్ప సగము దిగియుండి, కన్ను ఆరుట తగ్గును.

దగ్గరి వస్తువును చూచుటకు కంటిలోని చిన్న కండరము ముడుచుకొనవలెను. దూరము చూచినపుడే దానికి విశ్రాంతి. జెఫ్రీ ఆన్షెల్ అను అమెరికా నేత్రనిపుణుడు ఇందుకొరకు ఇరువదుల సూత్రమును ప్రచారము చేసెను: 20 నిమిషముల కొకసారి, 20 అడుగుల అవతలనున్న వస్తువును, 20 సెకండ్లు చూడుడు. మన కార్యాలయముల కిటికీలనుండి ఇంకను కొన్ని గుట్టలు కనబడుచున్నవి. ఖాజాగూడ వైపు కిటికీ దొరికిన అదృష్టవంతుడు ఒక బండమీద మరియొక బండ ఎట్లు నిలిచియున్నదో, వాని నడుమ సందులో ఏ చెట్టు మొలచినదో, ఎండ ఏ పార్శ్వమునకు తిరిగినదో గమనించినచో ఇరువది సెకండ్లు తెలియకయే గడచును.

అదే కిటికీనిగూర్చి మరియొక మాట. అద్దము గుండ వచ్చు ఎండ వెచ్చగా నుండును, వెలుతురిచ్చును, కాని విటమిన్ డి నీయదు. చర్మమున దానిని పుట్టించు అతినీలలోహిత కిరణములను అద్దము ఆపివేయును. ఇంత ఎండగల దేశమున ఆ విటమిన్ లోపము ఇంతమందికుండుటకు గోడల మధ్య గడుపు ఈ జీవితమే ముఖ్యకారణము. మధ్యాహ్నభోజనమైన పిదప కాసేపు ఆరుబయట నడచినచో ఎండయు దొరకును, భోజనానంతరము రక్తమున పెరుగు చక్కెరయు కొంత అదుపునకు వచ్చును. తిన్న తరువాత నూరడుగులు వేయుమన్న పెద్దల మాట పరికరములతో కొలిచి చూచినను నిలిచినది.

ఇక నిద్ర. ఈ అధ్యాయమంతటిలో నాకు మిక్కిలి ముఖ్యమైనది ఇదియే, ఏలయనగా సైబరాబాద్ ఉద్యోగి మిక్కిలి చౌకగా అమ్ముకొనుచున్నదియు ఇదియే. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనపుడు మనకు చలికాలమున రాత్రి 7.30, వేసవిలో సాయంకాలము 6.30. అమెరికావారు ఏటేట మార్చిలోను నవంబరులోను గడియారములను ఒక గంట చొప్పున మార్చుకొందురు. మనము మార్చుకొనకున్నను, మన సమావేశములు మారిపోవును, వానితో మన భోజనమును నిద్రయు మారిపోవును. ఎక్కడనో దిద్దిన గడియారము గచ్చిబౌలిలోని పసిపిల్లను తండ్రి నిద్రపుచ్చు వేళను నిర్ణయించుచున్నది!

దేహములో మరియొక గడియారము కలదు. 1729లో ఫ్రాన్సు దేశీయుడైన దె మైరాన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచి చూచెను. పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకొను ఆ ఆకులు, సూర్యుని ఎరుగని చీకటిలోను తమ వేళ తప్పక విచ్చుచు ముడుచుచు నుండెను. కాలము ప్రాణిలోపలనే కొలువబడుచున్నదని చూపిన ఆ చిన్న పరీక్షకు దాదాపు మూడు వందల ఏండ్ల తరువాత, పండ్లపై ముసురు చిన్న ఈగలలో ఆ గడియారమును నడుపు జన్యువుల తీరును విడమరచిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. ఆ గడియారమును ప్రతిదినము సరిదిద్దునది వెలుతురు. ఉదయపు వెలుతురు దానిని ముందునకు, రాత్రివేళ తెర వెలుతురు వెనుకకు త్రిప్పును. కావున పగటి ఉద్యోగులు లేచిన గంటలోగా బాల్కనీలోనైనను పదినిమిషములు నిలువవలెను. రాత్రి షిఫ్టువారు తెల్లవారిన పిదప క్యాబ్‌లో నల్లకళ్లద్దములు పెట్టుకొని వచ్చి, గదికి దట్టమైన తెరలు కట్టి, చల్లగా, నిశ్శబ్దముగా పడుకొనవలెను. స్వయముగా వాహనము నడుపువారు మాత్రము కునుకు వచ్చునను శంకయుండిన నల్లకళ్లద్దములు ధరింపరాదు. సెలవు దినములలోను నిద్రవేళ ఒకటి రెండు గంటలకు మించి మారకుండ చూచుకొనుట అందరికిని మేలు. ఇంటివారు కూడ పగలు నిద్రించు మనిషిని సోమరిగా చూడక, గుమ్మము గంట మ్రోగకుండ కాపాడవలెను.

నిద్రకును చాయ్‌కిని గల వైరమునందు ఒక తెలుగువాని కీర్తి దాగియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేయుచు, 1929లో కండరములయందు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును కనుగొనెను. జర్మనీలో లోహ్మన్ అను శాస్త్రజ్ఞుడు అదే కాలమున దానిని వేరుగా కనుగొనెను. జీవకణములు తమ సకల కార్యములకు వెచ్చించు నాణెము అదియే. ఒక్క దినమున మనము వెచ్చించు దానిని తూచినచో ఇంచుమించు మన దేహమంత బరువుండును. ఖర్చయినది మరల మరల కూడబెట్టబడుచుండుటచే అంత సాధ్యమగుచున్నది. మేలుకొని పనిచేయుచు ఆ నాణెమును వెచ్చించినకొలది మెదడులో ఎడినోసిన్ పేరుకొని, ‘ఇక నిద్రింపుము’ అను సందేశమును అందించును. చాయ్‌లోని కెఫీను ఆ సందేశము చేరవలసిన ద్వారమున తాను కూర్చుండును; అలసట పోదు, అది తెలియకుండును. త్రాగిన కెఫీనులో సగము దేహమును వీడుటకు దాదాపు అయిదు గంటలు పట్టును గనుక, సాయంకాలము ఆరు గంటల చాయ్‌లో సగము రాత్రి పదకొండింటికి ఇంకను మేలుకొనియే యుండును.

సాయంకాలము నాలుగు గంటలకు మాదాపూర్ సందులలోని ఏ చాయ్ బండి కడనైనను నిలిచి చూడుడు. మెడలో గుర్తింపుకార్డులు వ్రేలాడుచుండగా ఇద్దరు యువకులు వచ్చి, “అన్నా, వన్ బై టూ” అందురు. బండియతడు తలెత్తకయే ఒక చాయ్‌ని రెండు గ్లాసులలో సరిసమానముగా పోసి, “ఉస్మానియా బిస్కెట్ ఇయ్యాల్నా తమ్మీ?” అని అడుగును. ఈ పాత హైదరాబాదు అలవాటును నేను హృదయపూర్వకముగా ప్రశంసింతును: కెఫీను సగము, చక్కెర సగము, స్నేహము పూర్తి, పైగా ఆ పది నిమిషములు నిలుచుండుట, ఎండ, దూరపు చూపు అన్నియు ఒక్కసారి లభించును. నాలుగు గంటల వన్ బై టూ దినమున కడపటి చాయ్ కావలెను. తరువాత దప్పికైనచో మజ్జిగ.

నీటిని గూర్చి కూడ ఒక అపోహ కలదు. దినమునకు ఎనిమిది గ్లాసులు త్రాగి తీరవలెనను మాటకు మూలమని పలువురు చూపునది 1945లో అమెరికా పోషకాహార మండలి చేసిన సూచన. అది దాదాపు రెండున్నర లీటర్లను పేర్కొనుచు, అందు అధికభాగము ఆహారమునందే లభించునని చెప్పియుండగా, లోకము మొదటి సగమును పట్టుకొని రెండవదానిని మరచినది. పప్పుచారు, మజ్జిగ, దోసకాయ, పుచ్చకాయ అన్నియు నీరే. ఏసీ గదిలో దప్పిక తెలియదు గనుక మూత్రము ముదురుపసుపుగా నున్నదేమో గమనించుట సులభమైన కొలత.

తిండికి వేరుగా అధ్యాయమున్నది. ఇచట ఒక్క విషయము. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధన, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా వెలసియున్నది. దేశమంతటికి ఆహారనియమములు చెప్పు ఆ సంస్థ మన నగరముననే యుండగా, రాత్రి పన్నెండింటికి బిర్యానీ తెప్పించుకొనుట విచారకరము. దినమునకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించవలదని దాని హితవు. ఆవకాయ ప్రియులమైన మనము ఆ చెంచాలో పచ్చడిని, అప్పడమును, చిప్స్ పొట్లమును కలిపి లెక్కించుకొనవలెను.

ఈ చిన్న అలవాట్లు చికిత్సకు బదులు కావు. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో ప్రాకు నొప్పి, గట్టి గురకతో పాటు పగలంతయు వదలని మత్తు, వేళ్లలో ఎడతెగని తిమ్మిరి ఉన్నచో వైద్యుని చూడవలెను. మనస్సు వారములకొలది కుంగియున్నచో సిగ్గుపడవలదు: కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును, రుసుము లేదు.

కడపట, ఈ మేడలను నిర్వహించువారికిని జట్లను నడుపువారికిని ఒక విన్నపము. ఉద్యోగి ఒక్కడే తన అలవాట్లను దిద్దుకొనజాలడు. మీ భవనములలో మెట్లదారి బరువైన తలుపుల వెనుక, మసక దీపముల క్రింద, అట్టపెట్టెల నడుమ దాగియున్నది. దానికి దీపములు పెట్టించుడు, పెట్టెలు తీయించుడు, లిఫ్టు ప్రక్కనే ‘మెట్లు ఇటు’ అని తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించుడు. గంట సమావేశమును ఏబది నిమిషములకు ముగింపుడు. రాత్రి పది దాటిన పిదప, ప్రాణము మీదికి వచ్చిన పనియైన గాని, ఎవరిని పిలువకుడు.